ఎడమ సీటు

మా ఆయన లెన్ కళ్ళ సంగతి ఈ ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఒకరు లెన్, రెండోదాన్ని నేను. ఆ సంగతి మేమిద్దరం ఇంతవరకూ ఒకరితో ఒకరం అనుకోలేదు. మరో గంటలో మూడో మనిషికి తెలియాలో వద్దో నేను తేల్చుకోవాలి. అందుకు నాకు దొరికిన చోటు డ్రైవర్లకి వైద్యపరీక్షలు చేసే ఈ మేడమీద గదిలో ఒక ప్లాస్టిక్ కుర్చీ. లోపలికి అడుగుపెట్టగానే ఈ ఊరి పద్ధతి ప్రకారం "ఆఖరెవరండీ?" అని అడిగాను. మూలన టోపీ పెట్టుకున్న ముసలాయన చెయ్యెత్తాడు. "నేనే తల్లీ, ఎలాదియోని. నా వెనక మీరు. ఈలోగా నేను చచ్చిపోతే ఆ నీలం చొక్కా ఆయన వెనక." గదంతా నవ్వింది. లెన్ కూడా నవ్వాడు. నేను తర్జుమా చెయ్యకముందే, నవ్వాల్సిన చోటే నవ్వాడు. ఆ నవ్వు నాకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే పొద్దున గడ్డం గీసుకుంటూ, అద్దంలోకి చూడకుండా వేళ్ళతో చెంప తడుముకుంటూ నాతో అన్నమాట వేరు. "గోడమీద అంకెలు చదవమంటారు కదా, నేను మన ఇంగ్లీషులో చెబుతాను, నువ్వు వాళ్ళ భాషలో అందించెయ్. ఆ అంకెలకి నాకు నోరు తిరగదమ్మాయ్" అన్నాడు. ఈ స్పెయిన్‌కొచ్చి పదకొండేళ్ళు. ప్రతి బుధవారం బారులో ఇక్కడి ముసలివాళ్ళతో డొమినో ఆడతాడు. "ఆరూ ఆరూ! చచ్చారు పొండి!" అని స్పానిష్‌లో అరుస్తూ బల్ల చరిచే మనిషికి అంకెలకి నోరు తిరగదట. నేను టీలో పాలు కలుపుతూ సరే అన్నాను. ఏమడుగుతున్నాడో తనకి తెలుసు, దేనికి సరే అన్నానో నాకు తెలుసు. టీ మాత్రం చల్లారిపోయింది.

అక్టోబరు నెల అయినా కిటికీలోంచి ఎండ మోకాళ్ళమీద పడి కాలుస్తోంది. కింద బారులోంచి కాల్చిన రొట్టె మీద టమాటా, నూనె వేసిన వాసన. ఆ కిటికీలోంచే ఎండిన ఏరు కనబడుతుంది. నీళ్ళు పారేది ఏడాదిలో రెండు రోజులు, మిగతా రోజులన్నీ అది ఊరికి బళ్ళు పెట్టుకునే చోటు. అక్కడే మధ్యలో నిలబెట్టాం మా ఇంటిబండి మేబెల్‌ని. తెల్లగా, ఎనిమిది మీటర్ల పొడుగున, ఏట్లోకి కొట్టుకొచ్చి ఆగిన పడవలా ఉంది. మంచం, పొయ్యి, స్నానాలగది, లెన్ వాళ్ళమ్మ గోడగడియారం, నా కుట్టుమిషను, అన్నీ దాన్లోనే. ఇంగ్లండులో, హల్ ఊళ్ళో ఇల్లు అమ్మేశాం. ఈ వయసులో మళ్ళీ గోడలెందుకన్నాడు లెన్, నిజమే అనిపించింది. చలికాలం ఇక్కడ బాదంతోటల మధ్య, వేసవి ఉత్తరాన సముద్రం పక్కన. చక్రాలు తిరిగినంతకాలం అది మా ఇల్లు. తిరగడం ఆగిపోతే ఏమవుతుందన్నది పదకొండేళ్ళుగా మేము తెరవని అలమర. ఇలాంటి పెద్ద బండికి అరవై ఐదు దాటినవాళ్ళు మూడేళ్ళకోసారి ఇక్కడికొచ్చి కళ్ళు, చెవులు, చేతులు చూపించుకోవాలి. లెన్‌కి డెబ్భై రెండు. లైసెన్సు గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. తొమ్మిది రోజులదాకా ఎందుకు ఆగావని నేను అడగలేదు. నేనడగనివి ఒకచోట పోగేస్తే మేబెల్ పట్టదు.

పెద్ద లైసెన్సు నాకూ ఉంది. నేను గొప్పదాన్నై కాదు. మా దేశంలో మా కాలంలో చిన్న కారు పరీక్ష పాసైతే చాలు, ఏడున్నర టన్నుల బండి నడిపే హక్కు కూడా దానంతటదే వచ్చేది, కూరగాయలు కొంటే గుప్పెడు కొత్తిమీర కొసరు వేసినట్టు. పంతొమ్మిది వందల డెబ్భై నాలుగులో ఎర్రని బుల్లి కారులో పాసయ్యాను, వాన పడుతోంది, పరీక్షాధికారికి జలుబు. ఆ కొసరు అప్పట్నుంచీ నాతోనే ఉంది. పోయినేడు ఇదే గదిలో కూర్చుని దాన్ని పొడిగించుకున్నాను. లెన్ నవ్వాడు. "చేపకి గొడుగెందుకే?" అన్నాడు. ముప్పై నాలుగేళ్ళు టూరిస్టు బస్సులు నడిపిన మనిషి, మంచు పర్వతాల మీద యాభైమందిని నిద్ర లేపకుండా మలుపులు తిప్పిన మనిషి. తన పక్కన నేను స్టీరింగు ముట్టుకోవడమేమిటి? ఒక్కసారి ఈ ఏట్లోనే ఖాళీగా ఉన్న మధ్యాహ్నం నడిపాను, రెండు చుట్లు. దిగి అరచేతులు గౌనుకి తుడుచుకున్నాను. "నీకెందుకమ్మాయ్ ఈ శ్రమ, నువ్వు చూడు చాలు, నేను నడుపుతా" అన్నాడు ప్రేమగానే. చూడు చాలు. ఆ మాట ఇంత బరువెక్కుతుందని అప్పుడు తెలీలేదు.

మేబెల్ ఇంగ్లండులో కొన్నది, స్టీరింగు కుడివైపు. ఇక్కడ బళ్ళు నడిచేది రోడ్డుకి కుడిపక్కన. అంటే నడిపేవాడు రోడ్డు అంచున, కాలవ గట్టువైపు కూర్చుంటాడు, ముందు లారీ ఉంటే ఎదురుగా ఏమొస్తోందో వాడికి కనబడదు. కనబడేది ఎడమ సీటుకి. ఇక్కడున్న మా ఇంగ్లీషువాళ్ళ సంసారాలన్నీ అలాగే నడుస్తాయి. లారీ వెనక చిక్కుకున్నప్పుడు ఎడమ సీట్లో ఉన్న మనిషి మెడ బయటికి చాచి చూసి "ఖాళీ" అనాలి, లేకపోతే "ఆగు" అనాలి. రెండు మాటల్లో రెండు ప్రాణాలు. ఇలాంటి బళ్ళు ఆపుకునే క్యాంపులో ఆడవాళ్ళం వైన్ తాగుతూ నవ్వుకునేవాళ్ళం, మొగుడి మీద కోపం ఉన్నరోజు దూరప్రయాణం పెట్టుకోకూడదని. మొదట్లో ఆ పని నాకు సరదా. రోజుకి పదిసార్లు మెడ చాచేదాన్ని, మిగతా టైమంతా నిద్రపోయేదాన్ని, లెన్ నడుపుతుంటే ఎంత హాయిగా నిద్రపట్టేదో. తర్వాత రెండేళ్ళ కిందట ఒకరోజు, "ఆ బోర్డుమీద ఏముందో చదువు, ఎండ పడుతోంది" అన్నాడు. చదివాను. మర్నాడు ఇంకో బోర్డు. తర్వాత నాలుగు దారుల కూడళ్ళు. తర్వాత సిగ్నల్ దీపాలు. అడగడం కూడా మానేశాడు, నేనే చెప్పేదాన్ని. ఎర్ర. పచ్చ. ముసలావిడ దాటుతోంది. కుక్క. ఎడమకి వంపు. ముందువాడు బ్రేకేశాడు. మాటల మధ్యలో, పాట మధ్యలో, యాపిల్ కోస్తూ చెప్పేదాన్ని. తను విని మెత్తగా నడిపేవాడు, చేతులు ఇప్పటికీ బంగారం. బయటివాళ్ళకి మేము కబుర్లు చెప్పుకుంటున్నట్టుండేది. రెండేళ్ళుగా ఆ సీట్లో నేను రెప్ప వాల్చలేదు. ఒక జత కళ్ళతో ఇద్దరికి చూడటం ఎంత అలసటో ఎవరికి చెప్పను? దిగాక కాళ్ళు కాదు నొప్పెట్టేవి, కనుగుడ్ల వెనక ఎక్కడో. రాళ్ళు మోసినట్టు.

లోపలి గదిలోంచి కీచుమని చప్పుడు. ఎలాదియో యంత్రం ముందు కూర్చున్నాడు. ఆ యంత్రాన్ని ఇక్కడ అందరూ పాములా చూస్తారు. తెరమీద రెండు దారులు వంకర్లు తిరుగుతూ పరిగెడతాయి, రెండు చేతుల్లో రెండు పిడులు, రెండు చుక్కల్ని రెండు దారుల్లోంచి పడిపోకుండా నడపాలి. దారి తప్పితే కీచుమంటుంది. బయట కూర్చున్న మేమంతా ఊపిరి బిగపట్టి లెక్కపెడుతున్నాం. కీచు. కీచు. ఆగి, పొడుగ్గా ఇంకో కీచు. తన పరీక్ష అయిపోయి కాగితం కోసం కూర్చున్న నీలం చొక్కా ఆయన కళ్ళు మూసుకుని "అది గోతిలో పడింది" అన్నాడు. లెన్ నా చెయ్యి తట్టాడు. "నాకిది లెక్కలోది కాదు" అన్నాడు. నిజమే, ఆ యంత్రం తనకి లెక్కలోది కాదు, ఆ దారులు పెద్దవి, వెలుతురుతో ఉంటాయి, తను ఓరచూపుతో చూస్తాడు. చూపుకి సూటిగా మధ్యలో ఉన్నదే కనబడదు. నా మొహం వైపు చూసేటప్పుడు నా చెవిని చూస్తాడు. మొదట్లో నాకు వేరే ఏదో అనుమానం వచ్చింది, నా మొహం చూడబుద్ధి కావడం లేదేమో అని. ముసలితనంలో ఆడదాని బుర్ర ఎక్కడికైనా పోతుంది. చెవిని చూస్తే నేను అంచున కనబడతానని తర్వాత అర్థమైంది. ఆరోజు ఏడవాలో నవ్వాలో తెలీలేదు, రెండూ చెయ్యకుండా దుంపలు చెక్కు తీశాను.

మొన్న మే నెలలో ఒక ఆదివారం. కొండదారి, పొద్దున పదిన్నర. నేను ఒడిలో మ్యాపు మడత పెడుతున్నాను. అంతే, ఒక మడత. తలెత్తేసరికి మా ముందు పసుపు చొక్కా, సైకిలు, మనిషి. నోట్లోంచి వచ్చింది మాట కాదు, అరుపు. లెన్ కాలు బ్రేకుమీద నిలబడిపోయింది. లోపల కప్పులన్నీ కింద పడ్డాయి, గడియారం కొక్కెంనుంచి ఊడి సింకులో పడింది. మేబెల్ ముక్కుకీ ఆ వెనక చక్రానికీ మధ్య నా చెయ్యి పట్టేంత చోటు. సైకిలాయన దిగి, మా వయసువాడే, తలుపుమీద దబదబ బాది, "గుడ్డివాడివా?" అని అరిచాడు. ఊరికే తిట్టుకి అన్నాడు. లెన్ వాడికి క్షమాపణ చెప్పాడు, స్పానిష్‌లో, ఎంతో మర్యాదగా. వాడు వెళ్ళిపోయాక నాతో అన్నాడు, "ఎండ కళ్ళలో పడింది." సూర్యుడు మా వెనక ఉన్నాడు. ఇద్దరం పక్క అద్దంలో ఆ సూర్యుణ్ణి చూస్తూనే ఉన్నాం. నేను "అవును, ఎండ ఎక్కువగా ఉంది" అన్నాను. ఆ ఒక్క మాటతో నేను కూడా ఆ స్టీరింగు పట్టుకున్నాను. ఆరోజు నుంచి మ్యాపు మడత పెట్టలేదు, అలాగే తెరిచి వెనక సీట్లో పడేశాను. ఆ పసుపు మాత్రం ఎక్కడ కనబడినా కాళ్ళు బిగుసుకుంటాయి. ఇప్పుడు కూడా, గోడమీద వాతావరణం బొమ్మలో పసుపు సూర్యుడు.

ఎలాదియో బయటికొచ్చాడు, నుదురు తుడుచుకుంటూ. "ఒక చెయ్యి నా మాట వింటుంది, రెండోది మా ఆవిడ మాట వింటుంది. ఏం చెయ్యను?" అన్నాడు అందరికీ. బల్ల దగ్గర కాగితాలు చూసే రెమెడియోస్ తలెత్తకుండానే, "మీ ఆవిడ మాట వినే చెయ్యే బాగా ఆడింది తాతా" అంది. మళ్ళీ నవ్వులు. ఏమిచ్చారని అడిగితే ఎలాదియో కాగితం దూరంగా పట్టుకుని చదివాడు. పగటిపూట మాత్రమే, పెద్ద రహదారి ఎక్కకూడదు, ఇంటినుంచి ముప్పై కిలోమీటర్లు దాటకూడదు. "మా తోటకి పన్నెండు. మిగతా పద్దెనిమిదీ ఏం చేసుకోమంటాడు? ఎండబెట్టుకోనా?" అంటూ మెట్లు దిగిపోయాడు. దిగుతూ రెయిలింగు పట్టుకున్న తీరు చూశాను. ఏ సిగ్గూ లేదు. అడిగారు, చూశారు, కొలిచి ఇచ్చారు, పుచ్చుకున్నాడు. ఇంత తేలికా?

తేలిక కాదు. ఎలాదియోకి ఇల్లుంది. మాకున్నది ఆ ఏట్లో నిలబడి ఉంది. లెన్ బస్సు నడపడం ఆపిన రోజు గ్యారేజీలో అందరూ చప్పట్లు కొడితే టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, ఏం చెయ్యాలో తెలీని కుర్రాడిలా. నెలరోజులు ఇంట్లో కుర్చీలో కూర్చుని కుడికాలు నేలకేసి నొక్కేవాడు. మేబెల్ వచ్చాకే మళ్ళీ మనిషయ్యాడు. దాన్ని తననుంచి తీసుకుంటే ఆ కుర్చీ మళ్ళీ వస్తుంది. మూడంకెలు, నాలుగంకెలు, నేను చూసినవి నేను చెబితే చాలు, లైసెన్సు మరో మూడేళ్ళు. మూడేళ్ళంటే ఎన్ని పసుపు చొక్కాలు? నా కళ్ళకి మాత్రం అరవై తొమ్మిది కావా? నేను తుమ్మితే? నాకో నిమిషం కునుకు పడితే? ఇరవై ఆరేళ్ళు ఆసుపత్రి టెలిఫోను బల్ల దగ్గర పనిచేశాను. ఇటు మాట అటు, అటు మాట ఇటు. విన్నది విన్నట్టు అందించడమే ఉద్యోగం. చేరిన రోజే పెద్దావిడ చెప్పింది, "నోరీన్, మంచి కబురని పెంచకు, చెడ్డ కబురని తగ్గించకు, అది నీది కాదు." ఒక్కసారీ తప్పలేదు. ఫోనులో ఏడ్చేవాళ్ళకి కూడా ఉన్నదే చెప్పాను. సొంత మొగుడి దగ్గరికి వచ్చేసరికి రెండేళ్ళు తగ్గించి చెప్పాను.

"లెయొనార్డో!" రెమెడియోస్ అందరి పేర్లూ తన భాషలోకి మార్చేస్తుంది. "మీరూ వెళ్ళండమ్మా, మాటసాయానికి." లెన్ లేచాడు. గుమ్మం దగ్గర నా మోచెయ్యి పట్టుకున్నాడు. చూసేవాళ్ళకి అది ముచ్చటగా ఉంటుంది. "రెండడుగులు, తర్వాత కుర్చీ" అన్నాను నోరు కదపకుండా. ఛీ, మళ్ళీ అదే.

డాక్టర్ హినెస్ పొట్టి మనిషి, అద్దాలు నెత్తిమీద. రక్తపోటు చూశాడు, చెవులు చూశాడు. యంత్రం దగ్గర లెన్ రెండుసార్లే కీచుమనిపించాడు. "ఓహో, చేతులు చూడండి, పియానో వాయించినట్టుంది!" అన్నాడు డాక్టరు. "బస్సు" అన్నాను. లెన్ మొహంలో వెలుగు. ఆ వెలుగులోనే డాక్టరు దీపం ఆర్పి, గోడమీద అంకెల వరుసలు వెలిగించి, గరిటెలా ఉన్న ఒక నల్లని మూత ఇచ్చి ఎడమకన్ను మూసుకోమన్నాడు. తను వెనక్కి తిరిగి కంప్యూటరు తెరమీద ఏదో రాసుకుంటున్నాడు. "పైనుంచి చదవమనండమ్మా." పై వరుసలో రెండే అంకెలు, నా అరచెయ్యంత. "నాలుగు, ఏడు" అన్నాడు లెన్ మా భాషలో. నాలుగు, ఏడు, అన్నాను నేను స్పానిష్‌లో. రెండో వరుస కళ్ళు అటూ ఇటూ తిప్పి, అంచులతో ఏరుకుని, ఎలాగో లాగాడు. మూడో వరుస. మూడు, ఎనిమిది, అయిదు, రెండు. స్పష్టంగా, పలకమీద రాసినట్టు. లెన్ ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. "ఎనిమిది" అన్నాడు. "ఎనిమిది... ఆరు." అని నా వైపు తిరిగాడు. నా చెవిని చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. లారీ వెనక ఉన్నప్పటి చూపు. ఖాళీనా, ఆగాలా, చెప్పు.

కంప్యూటరు మీటల చప్పుడు ఆగింది. డాక్టరు ఎదురు చూస్తున్నాడు, వీపుతోనే. నా నాలికమీద నాలుగు అంకెలూ వరసగా సిద్ధంగా ఉన్నాయి, అనేస్తే అర సెకను పని. మేబెల్, సముద్రం, బాదంపూలు, కుర్చీలో నేలకేసి నొక్కే కాలు. పసుపు. నేను చాలా అలిసిపోయాను లెన్. నీ మీద కోపం లేదు, ఒట్టు, నిద్రొస్తోంది అంతే.

"ఎనిమిది, ఎనిమిది, ఆరు" అన్నాను.

స్పానిష్ అంకెలు రావని చెప్పిన మనిషి ఆ మూడు అంకెలూ విన్నాడు, నేనేం మార్చలేదని విన్నాడు. డాక్టరు మెల్లగా తిరిగి, అద్దాలు ముక్కుమీదికి దించి, "ఇంకోసారి, కింది వరుస" అన్నాడు. నేను తర్జుమా చెయ్యబోయాను. లెన్ గరిటె దించేశాడు. "అక్కర్లేదండీ డాక్టరుగారూ. కనబడటం లేదు" అన్నాడు. స్పానిష్‌లో. ఒక్క తప్పు లేకుండా. తర్వాత, "ఈ కన్నూ అంతే, ఆ కన్నూ అంతే. రెండేళ్ళయింది." డాక్టరు నన్నూ తననూ మార్చి మార్చి చూశాడు. "మీకు మా భాష బాగానే వచ్చే!" "డొమినో" అన్నాడు లెన్.

డాక్టరు కళ్ళలోకి దీపం వేసి చూశాడు. పెద్ద బండి కుదరదన్నాడు. చిన్న కారు కూడా కంటి డాక్టరు కాగితం తెచ్చాకే అన్నాడు. ఈ కంటిజబ్బు ఒక రకమైతే సూదిమందుతో ఉన్నచూపు నిలబెట్టొచ్చు, ఏ రకమో పరీక్ష చేస్తేగాని తెలీదు, ఈ వారమే వెళ్ళండి అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇన్నాళ్ళెందుకు ఆగారమ్మా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. దానికి నా దగ్గర జవాబుంది, కానీ ఏ భాషలోనూ నోరు తిరగలేదు. నేను చూస్తూ ఉన్నాను కాబట్టి, డాక్టరుగారూ. నేను అంత బాగా చూశాను కాబట్టి.

ఏట్లోకి దిగే దారిలో లెన్ నా మోచెయ్యి పట్టుకోలేదు. గులకరాళ్ళమీద తడబడుతూ ముందు నడిచాడు, నేను రాయుందని చెప్పలేదు. మేబెల్ దగ్గరికి వెళ్ళి అలవాటుగా కుడి తలుపు దగ్గర నిలబడ్డాడు. నిలబడి నిలబడి జేబులోంచి తాళం తీశాడు. నేను పక్కకి వచ్చాక కూడా కాసేపు దాన్ని అరచేతిలో బరువు చూస్తున్నట్టు పట్టుకున్నాడు. "చెప్పుంటే పోయేది కదే, పొద్దున్నే" అన్నాడు. "నువ్వు చెప్పుంటే పోయేది, రెండేళ్ళ కిందట" అన్నాను. ముసలి ముక్కుతో ఒక గాలి వదిలాడు, నవ్వూ కాదు, ఏడుపూ కాదు. "సీటు ముందుకి జరుపుకో. నీ కాళ్ళందవు" అని తాళం నా చేతిలో పెట్టి, బండిని ఒక చేత్తో తడుముకుంటూ ముందునుంచి చుట్టూ తిరిగి ఎడమ తలుపు వెతుక్కున్నాడు.

బయల్దేరిన ఏడు నిమిషాలకే ట్రాక్టరు. వెనక తొట్టెనిండా బాదంకాయలు, గంటకి ఇరవై కిలోమీటర్లు. కుడిపక్కనుంచి నాకు తొట్టె తప్ప ఏమీ కనబడటం లేదు. చేతులు చెమటకి జారుతున్నాయి, భుజాలు చెవుల దాకా వచ్చేశాయి. పక్కన లెన్ మెడ బయటికి చాచాడు, పదకొండేళ్ళుగా నేను చాచినట్టే. గాలికి ఉన్న నాలుగు వెంట్రుకలూ లేచాయి. చాలాసేపు చూశాడు. తల లోపలికి తీసుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, "నాకు తెలీదు నోరీన్" అన్నాడు.

"పర్లేదు. వీడి వెనకే పోదాం."

ట్రాక్టరు ఏ ఊరు పోతోందో తెలీదు, మేమూ దాని వెనకే. నాలుగు మలుపులు తిరిగాక పక్కనుంచి గురక వినబడింది. తలుపుకి ఆనుకుని, నోరు తెరుచుకుని లెన్ నిద్రపోతున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో వదిలేసి, కుడికాలు ఎక్కడా నొక్కకుండా. ఆ సీట్లో నిద్రపట్టడం ఎంత హాయో నాకు తెలుసు. మలుపు కుదుపు లేకుండా తిప్పాను.